లడ్డూ చిన్నగైందన్నరు

"ఏంది బిడ్డా, మస్తు ఒళ్ళు చేసినవ్?"

కొత్త కండ్లద్దాలు పెట్టుకున్న మనిషి నోట్లె నుంచి వచ్చిన మొదటి మాట అది. నేను ఆమె చెవుల ఎనుక కాడలు సరిచేస్తున్న. ముక్కు మీద గట్టిగ ఒత్తుతున్నయా, చెవికి ఒరుసుకుంటున్నయా అని అడుగుతున్న. ఆమె నా మొహం చూసింది, నా చెయ్యి చూసింది, ఆ మాటన్నది. నారాయణగూడల మా కండ్లద్దాల దుకాణంల ఆ టైముకు గిరాకీ నిండుగ ఉన్నది. బెంచీ మీద కూసున్నోళ్ళంత నన్ను కింది నుంచి మీది దాక చూసిన్రు. నాకెట్లుంటది చెప్పండి?

ఆమె అంతటితోని ఆగలే. మా సేటు దిక్కు తిరిగి, "నువ్వేం తక్కువున్నవా? బుగ్గలు పూరీల లెక్క పొంగినయ్" అన్నది. సేటు పడీ పడీ నవ్విండు. ఆయనకు సిగ్గు లేదు, నాకున్నది. ఆ వారమంత అన్నం సగమే తిన్న. చిక్కడపల్లి నుంచి దుకాణానికి రోజూ బస్సుల వచ్చేదాన్ని, బస్సు బంద్ చేసి నడిచిన. ఇంట్ల మా ఆయన "ఏమైందే, పరేషాన్ ఉన్నవ్" అంటే ఆయన మీద గూడ అరిచిన.

ఈ పనిలకు కొత్తగ వస్తున్న పిల్లలూ, మీకోసమే రాస్తున్న. మీ దగ్గర మిషన్లున్నయ్. గడ్డం ఆనిస్తే చాలు, నంబరు కాగితం మీద పడ్తది. మా కాలంల నా దగ్గర ఉన్నయల్ల ఒక అద్దాల పెట్టె, గోడకు అక్షరాల చార్టు, ఇగ నా నోరు. నోరే ఎక్కువ వాడినవ్ అంటుండె సేటు. వాడిన. నంబరు దొరుకుడు గంత పెద్ద పని కాదు. ఆ అద్దాలు పెట్టుకోని ఇంటికి పోయినంక ఆ మనిషి వంటింట్ల, మెట్ల కాడ, బజార్ల ఏం చేస్తరో ఎరుక చేసుకునుడు అసలు పని. ఆ సంగతి నాకు ఏ కోర్సులనూ చెప్పలే. ఒక లడ్డూ చెప్పింది.

మొదలు ఈమె ఎవరో చెప్పాలె. చిక్కడపల్లిల మా గల్లీ మలుపు మీద ఇద్దరు యారాండ్లు ఒక పిండివంటల దుకాణం నడుపుతుండె. యారాండ్లంటే అన్నదమ్ముల పెండ్లాలు. పెద్దామెను ఊరంత పెద్దమ్మ అంటరు, చిన్నామెను చిన్నమ్మ. ముందట చిన్న గది, అండ్ల గాజు బీరువ. ఎనుక వంటిల్లు. సకినాలు, గారెలు, అరిసెలు అన్నీ చేస్తుండె గని, పేరు మాత్రం బూంది లడ్డూది. చిన్నమ్మ బూంది దూసి పాకం పడ్తది, పెద్దమ్మ లడ్డూ కడ్తది. ఒకరి పని ఒకరు ముట్టుకోరు. పెద్దమ్మ కట్టిన లడ్డూలు వరుసగ పెడితే అచ్చుల పోసినట్టు ఉంటుండె. రాంనగర్ నుంచి, విద్యానగర్ నుంచి గూడ పెండ్లిళ్ళకు ఆర్డర్లొస్తుండె. పెండ్లి లడ్డూ కాటాల తూసి ఇయ్యరు, లెక్కబెట్టి ఇస్తరు. అందుకే లడ్డూ సైజంటే ఆ ఇంటి మర్యాద.

ఆ పెద్దమ్మకు రెండు కండ్లకూ మోతిబిందు ఆపరేషన్ అయింది. కంటి లోపట మన సొంత అద్దం ఒకటి ఉంటది, వయసు మీద పడ్డంక అది తెల్లబడ్తది. దాన్ని తీసేసుడే ఆపరేషన్. తీసిన జాగల చిన్న అద్దం లోపటనే పెట్టుడు మా దిక్కు అప్పుడప్పుడే మొదలైతున్నది. డాక్టర్ చెప్పిండు గూడ. పెద్దమ్మ చెయ్యి అడ్డం ఊపింది.

"కంట్ల దుమ్ము పడితెనే ఆగలేం, అద్దం పెడ్తవా నాయనా?"

ఇగ మిగిలింది బయట పెట్టుకునే మందపు అద్దాలే. సీసా అడుగంత మందం, లోపటి నుంచి చూస్తే లోకమంత పెద్దగ, దగ్గరగ కనబడ్తది. ఉన్నదానికి పావు వంతు పెద్దగ, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇది మాకు తెల్వని ముచ్చట కాదు. ఆ అద్దాలు తీసుకున్న ప్రతి మనిషికీ ఒప్పజెప్పినట్టు చెప్తుంటిమి. మెట్లు దిగేటప్పుడు పైలం, చాయ్ పోసేటప్పుడు పైలం అని. పెద్దమ్మకు గూడ చెప్పిన. లడ్డూ కట్టేటప్పుడు పైలం అని ఎవరన్న చెప్తరా?

మరి అంత తెలిసినదానివి, ఆమె లావైనవంటే ఎందుకు నమ్మినవే అని మీరు అడగొచ్చు. చదువు తలకాయల ఒక మూలకు ఉంటది పిల్లలూ. లావైనవన్న మాట పడ్డప్పుడు ఆ మూలకు ఎవరు పోతరు?

లడ్డూ సంగతి మొదలు పట్టింది అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లగాండ్లు. ఊర్ల నుంచి వచ్చి సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుకునేటోళ్ళు. పొద్దుమీకి నడుచుకుంట వచ్చి ఒక్కో లడ్డూ కొనుక్కోని, గల్లీల నిలబడి తిని పోతుండె. వాళ్ళకు లడ్డూ అంటే ఎంతనో నాలికకు తెలుసు. ఒకడు అన్నడు, "పెద్దమ్మా, లడ్డూ చిన్నగైందేంది?" ఆమె కస్సుమన్నది. "నీ ఆకలి పెద్దగైంది, పో."

తర్వాత చిన్నమ్మ చూసింది. అదే కడాయి, అదే బూంది, లడ్డూలు మాత్రం ఎక్కువొస్తున్నయ్. మొదలు ఊకున్నది. తర్వాత "అక్కా, జర చిన్నగ కడ్తున్నవ్" అన్నది. పెద్దమ్మ లడ్డూ చేతుల పట్టుకోని తిప్పి తిప్పి చూసింది. ఆమెకు ఎప్పటి లడ్డూనే కనబడ్తున్నది. "నీకు కండ్లు మసకలొచ్చినయ్, నాకు ఆపరేషనై మంచిగ కనబడ్తున్నది" అన్నది. చిన్నమ్మకు రోషమొచ్చి, లడ్డూను కొంగుల కట్టుకపోయి పక్క కిరాణం దుకాణంల తూపిచ్చింది. బరువు తక్కువే ఉన్నది. తెచ్చి ముందట పెట్టింది.

ఇగ చూడండి, అసలు గోల అక్కడ మొదలైంది. పెద్దమ్మ లడ్డూను అరచేతుల ఎగరేసి చూసి అన్నది గదా, "లడ్డూ నిండుగనే ఉన్నది. బరువు లేదంటే బూందిల బరువు లేదు. సోడా వేస్తున్నవ్."

బూంది దూసేదాన్ని పట్టుకోని సోడా వేస్తున్నవ్ అనుడంటే మామూలు మాట కాదు. సోడా వేస్తే పిండి ఉబ్బుతది, బూంది గుల్లగైతది, తక్కువ శెనగపిండికి గంపెడు బూంది వస్తది. దొంగ పని. ఇంట్ల పనిచేసుకునే ఆడోళ్ళ నడుమ అంతకన్న పెద్ద తిట్టు లేదు. చిన్నమ్మ గంటె కింద పెట్టి, "నువ్వు లడ్డూ కొరికి పైసలు మిగిలిస్తున్నవ్, నా మీద సోడా పెడ్తున్నవా?" అన్నది. అంతే. మాటలు బంద్. ఒకరికి ఒకరు చెప్పాల్నంటే గోడకు చెప్పేటోళ్ళు. పెండ్లై వచ్చిన కాడికెల్లి ఒక్క పొయ్యి మీద బతికిన మనుషులు, పెనిమిట్లు పోయినంక గూడ ఒకరినొకరు ఇడిచిపెట్టని మనుషులు, దుకాణం పంచుకుందామనే దాక వచ్చిన్రు. పంచుకుంటే ఏమైతది? ఒకామె దగ్గర బూంది ఉంటది, కట్టే చెయ్యి ఉండది. ఇంకొకామె దగ్గర చెయ్యి ఉంటది, బూంది ఉండది. అది గల్లీల అందరికీ తెలుసు, వాళ్ళిద్దరికే తెల్వదు.

నేను మధ్యల పోయి, "ఒక కాటా పెట్టుకోండి, గొడవ పోతది" అన్న. ఇద్దరూ ఒక్కసారే నా మీదికి లేసిన్రు. "పెండ్లి లడ్డూను కాటాల తూస్తరా? మేం ఉల్లిగడ్డలు అమ్ముతున్నమా?" అన్నరు. ఆ నెలంత వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.

ఒకరోజు పెద్దమ్మ మా దుకాణానికొచ్చింది. కొంగుల నుంచి లడ్డూ తీసి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"నువ్వు చదువుకున్నదానివి. చెప్పు. ఇది చిన్నగున్నదా?"

నేను చూసిన. నిమ్మకాయ కన్న జర పెద్దగున్నది, అంతే. పెద్దమ్మ దాని దిక్కే చూసుకుంట, "బత్తాయంత ఉన్నది, కండ్లున్నోళ్ళు ఎవరన్న చిన్నదంటరా?" అన్నది. నేను ఆమె మొహం చూసిన. అద్దాల ఎనుక ఆమె కండ్లు ఎంతెంత ఉన్నయో చూసిన. దుకాణం దద్దరిల్లేటట్టు అరిచిన.

"సేటూ! నేను లావు కాలే!"

నవ్వకండి. మొదలు నాకు తట్టింది అదే. లడ్డూ తర్వాత తట్టింది. సేటు కలం కింద పెట్టి, "అరె బేటీ, అది అడగనీకి వచ్చిందా ఆమె?" అన్నడు. అప్పుడు పెద్దమ్మను కూసోబెట్టి చెప్పిన. అద్దాలల్ల అన్నీ పెద్దగ కనబడ్తయ్, చేతుల లడ్డూ గూడ. నీ కండ్లు 'అయిపోయింది, చాలు' అని తొందరగ చెప్తున్నయ్, నీ చెయ్యి వాటి మాట ఇంటున్నది. ఆమె ఇన్నది. నమ్మలే గని ఇన్నది. "అయితే ఏం చెయ్యమంటవ్?" అన్నది.

ఇగ నా తెలివి చూడండి. "నీకు సరిగ్గ ఉన్నదనిపించినంక ఇంకా జర పెద్దగ కట్టు" అన్న.

జర అంటే ఎంత? నేను చెప్పలే, ఆమె అడగలే. ఆ పొద్దు ఆమె కట్టిన లడ్డూలు చూడనీకి గల్లీల పిల్లలంత వచ్చిన్రు. కొబ్బరికాయ పక్కకు పెడితే కొబ్బరికాయనే సిగ్గుపడాలె. హాస్టల్ పిల్లగాండ్లు ఒక్క లడ్డూ కొని ముగ్గురు పంచుకున్నరు. "పెద్దమ్మా, నువ్వు దేవతవు" అని దండం పెట్టిన్రు. పెద్దమ్మ ఖుష్. చిన్నమ్మకు మాత్రం కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. మాటల్లేవు కాబట్టి అద్దాల ముచ్చట పెద్దమ్మ ఆమెకు చెప్పలే. చిన్నమ్మకు అర్థమైందేంది? "చిన్నగ కడ్తున్నవన్నందుకు నన్ను ఎక్కిరిస్తున్నది. కావాల్నని చేస్తున్నది." మంట ఆర్పనీకి పోయి నేను నూనె పోసి వచ్చిన.

సరిగ్గ అప్పుడే పెండ్లి ఆర్డర్. అశోక్‌నగర్‌ల పెండ్లి, గాంధీనగర్ నుంచి పెండ్లిపిల్ల మేనమామ వచ్చిండు. ముందు ఒకసారి వచ్చి చిన్న లడ్డూ చూసి పోయిండు, ఇప్పుడు వచ్చి కొబ్బరికాయ చూసిండు. ఆయనకు దిమాగ్ ఖరాబైంది.

"అమ్మా, మా ఇంట్ల మూడు పెండ్లిళ్ళు మీ లడ్డూలతోనే అయినయ్. గిదేంది? ఇంత పెద్దది పెడితే ఎవరన్న తింటరా? అంత చిన్నది పెడితే మగపెండ్లోళ్ళు మొహాన కొడ్తరు. రేపు పొద్దుమీకి వస్త. ఎప్పటి లడ్డూ ఉంటే తీసుకపోత. లేకపోతే వేరే దుకాణం చూసుకుంట."

ఆయన పోయినంక చిన్నమ్మ గోడకు చెప్పింది, "ఈ పెండ్లి కాంగనే ఎవరిది వాళ్ళం చూసుకుందం" అని. పెద్దమ్మ గూడ గోడకే చెప్పింది, "మంచిది" అని.

మర్నాడు సేటును సగం రోజు సెలవడిగిన. "లడ్డూల కోసం సెలవా?" అన్నడు. "మన అద్దాల కోసం సేటూ. మన అద్దాలు ఒక ఇల్లు కూలుస్తున్నయ్" అన్న. ఆయన ఏమనుకున్నడో ఏమో, పొమ్మన్నడు. పోతుంటే ఎనుక నుంచి, "ఒకటి నాకు పట్టుకరా" అని అరిచిండు.

నేను పోయేసరికి చిన్నమ్మ పొయ్యి కాడ ఉన్నది. నెయ్యి వాసన గల్లీ మొదట్లనే తగిలింది. తాంబాలం నిండ బూంది, పాకంల నాని మెరుస్తున్నది. పెద్దమ్మ పీట మీద కూసోని కట్టనీకి చెయ్యి తడుపుకుంటున్నది. నేను పోయి నేరుగ ఆమె కండ్లద్దాలు తీసేసిన.

"ఓసి నీ! గుడ్డిదాన్ని చేస్తున్నవే!"

"కట్టు పెద్దమ్మా. చూడకు. కండ్లు మూసుకోని కట్టు."

ఆమె గొణుక్కుంట గొణుక్కుంట బూందిల చెయ్యి పెట్టింది. పిడికిట్లకు తీసుకున్నది. ఇట్ల ఒత్తింది, అట్ల తిప్పింది. అవతలి చేతులకు మార్చింది, ఒక జీడిపప్పు అద్దింది. చెయ్యి తనంతట తాను ఆగింది. నేను ఆ లడ్డూ తీసుకోని చిన్నమ్మ ముందట పెట్టిన. చిన్నమ్మ తిరిగి చూసింది. గంటె పక్కకు పెట్టి, లడ్డూను చేతులకు తీసుకోని పట్టి చూసింది.

"ఇదీ" అన్నది. "ఇది మా లడ్డూ."

తర్వాత పెద్దమ్మకు అద్దాలు పెట్టి ఇంకోటి కట్టమన్న. నిమ్మకాయ వచ్చింది. రెండూ పక్కపక్కకు పెట్టిన. పెద్దమ్మ అద్దాలల్ల నుంచి మొదటిదాన్ని చూసి, "వామ్మో, ఎవరు కట్టిన్రే ఈ గుమ్మడికాయ?" అన్నది.

చిన్నమ్మ నమ్మలే. "అంత నాటకం. అప్పుడు పెద్దగ కట్టింది, ఇప్పుడు చిన్నగ కట్టింది. కావాల్నని చేస్తున్నది" అన్నది. ఇగ నాకు కోపమొచ్చింది. పొద్దుగాల నుంచి తిండి లేదు, సెలవుకు జీతం కట్, వీళ్ళేమో ఇట్ల. పెద్దమ్మ అద్దాలు గుంజి చిన్నమ్మ ముక్కు మీద పెట్టిన. ఆ నిమ్మకాయ లడ్డూను ఆమె కండ్లకు దగ్గరగ పట్టిన.

"చూడు. ఎంతున్నదో చెప్పు."

చిన్నమ్మ ఎనుకకు జరిగింది. చెయ్యి చాపి లడ్డూ అందుకోబోయింది, చెయ్యి గాలిల ఆగింది. మళ్ళ చాపింది. పట్టుకున్నది. లడ్డూను చూస్తది, తన వేళ్ళను చూస్తది, మళ్ళ లడ్డూను చూస్తది.

"అమ్మో... నా వేళ్ళే ఇంతింత ఉన్నయ్..." అన్నది. తర్వాత మెల్లగ, "అక్కకు అంత ఇట్లనే కనబడ్తున్నదా?" అన్నది.

అక్కడనే నేల మీద కూలబడ్డది. అద్దాలు తీసి ఒడిల పెట్టుకున్నది.

"లడ్డూ చిన్నగైందని నాకేం బాధ లేకుండె బిడ్డా. పైసల కాడ నన్ను పరాయిదాన్ని చేసిందనుకున్న. ఇన్నేండ్లకు ఇది నాది, అది దానిది అని లెక్క మొదలుపెట్టిందనుకున్న. అదొక్కటే నన్ను తిన్నది."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పెద్దమ్మకు అద్దాల్లేక ఏం కనబడ్తలేదు. అటు ఇటు తల తిప్పుకుంట, "ఏడుస్తున్నదా? ఏయ్, ఏడుస్తున్నదా అది? చెప్పవేందే?" అని నన్ను అడుగుతున్నది. నేను చెప్పే లోపట్నే పీట మీద నుంచి ముందటికి జరిగి, గాలిల తడుముకుంట యారాలి మొహం దొరకబట్టుకున్నది. చేతుల నిండ పాకం, బూంది. ఆ చేతులతోనే కండ్లు తుడిచింది.

"పిచ్చిముండా. నీకు నాకు లెక్కలేందే?"

"చెంపల నిండ పాకం పూస్తున్నవ్, ఇడువు" అని చిన్నమ్మ ఏడుసుకుంట నవ్వింది. చెంపకు బూంది అంటుకోని ఉన్నది. నేను గూడ నవ్విన. నాకు కండ్లు ఎందుకు తడైనయో నాకే తెల్వదు, పొయ్యి పొగ అనుకోండి.

జర ఆగినంక పెద్దమ్మకు ఒక అనుమానమొచ్చింది. "మరి బరువెందుకు తక్కువున్నది? నా చేతికే తేలికగ తగిలింది గద?"

"చిన్నదాన్ని పట్టుకోని పెద్దదనుకున్నవ్ పెద్దమ్మా. పెద్దదనుకున్నది చేతికి తేలికగ అనిపిస్తది. ఖాళీ డబ్బా నిండుగుందనుకోని లేపితే చెయ్యి ఎగిరిపోదా? అట్ల."

"అంటే సోడా వెయ్యలేదా?"

"నా జన్మల వెయ్యలే!" అని చిన్నమ్మ కయ్యిన లేసింది. ఆ అరుపు ఇని నాకు పానం నిమ్మళమైంది. గోడకు కాకుండ మనిషికి చెప్పింది.

ఇగ పని మొదలైంది. పెద్దమ్మ కండ్లు మూసుకోని కట్టుడు, చిన్నమ్మ ఎదురుంగ కూసోని కాపలా. ఊకె ఉంటదా పెద్దమ్మ? కట్టిన లడ్డూ ఎట్లొచ్చిందో చూడాల్నని పక్కకున్న అద్దాలకు చెయ్యి పోతది. చిన్నమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేస్తది. "కండ్లు ముయ్యి!" అంటది. "ఒక్కటి చూస్తనే" అంటది ఈమె. "ఒక్కటి గూడ లేదు" అంటది ఆమె. నన్ను గూడ ఊకె కూసోనియ్యలే. జీడిపప్పు చీల్చమన్నరు. చీలుస్తూ చీలుస్తూ తింటున్నవని ఇద్దరూ కలిసి తిట్టిన్రు. ఆ తిట్టు ఎంత మంచిగుండెనో మీకు చెప్పలేను.

కొన్ని నెలలు పోయినంక ఆమె కండ్లు ఆ అద్దాలకు అలవాటు పడ్డయ్. ఎవ్వరికన్న అట్లనే అలవాటైతది. అయినా లడ్డూ కట్టేటప్పుడు మాత్రం తీసి పక్కకు పెట్టేది. నేను మాత్రం ఆ ఏడాది నుంచి, మందపు అద్దాలు తీసుకునే ప్రతి మనిషినీ ముందుగాల ఒక ప్రశ్న అడుగుడు మొదలుపెట్టిన. "చేతులతోని ఏం పని చేస్తరు?" అని. టైలర్ ఉంటడు, పూలు కట్టేటామె ఉంటది, మంగలి ఉంటడు. వాళ్ళ పనిని బట్టి వాళ్ళకు చెప్పాలె. మీరు గూడ అడగండి. మిషన్ అది అడగది.

ఇగ ఆ పెండ్లి లడ్డూలు కట్టిన రోజుకొస్త. పొద్దుమీకి మేనమామ ఆటో తీసుకోని వచ్చిండు. మొహం ముడుచుకోనే లోపటికొచ్చిండు. గంపలల్ల వరుసగ పేర్చిన లడ్డూలు చూసి ఆగిండు. ఒకటి తీసి అరచేతుల పెట్టుకున్నడు. "ఇట్లుండాలె గదమ్మా" అన్నడు, అంతే. మొహం విప్పారింది. గంపలు ఆటోల పెట్టనీకి పిల్లలను కేకేసిండు.

అప్పుడు పెద్దమ్మ అద్దాలు పెట్టుకున్నది. గంపల దిక్కు చూసింది. ఆమె కండ్లకు అవి ఎంతెంత కనబడ్డయో ఏమో, గుండె మీద చెయ్యి వేసుకున్నది. నా చెయ్యి పట్టి పక్కకు గుంజి, చెవుల గుసగుసగ అన్నది.

"బిడ్డా, ఒక్కో లడ్డూ గింతింత ఇస్తే మేం మునుగుతం కదనే?"

నేను మళ్ళ మొదటి నుంచి చెప్పనీకి నోరు తెరిచిన. చిన్నమ్మ గంప మీద గుడ్డ కప్పుతున్నది. ఇటు తిరగనన్న తిరగలే.

"మునిగితే ఇద్దరం మునుగుదం తీ అక్కా. ఆ కొస పట్టు."